ఖడ్గమృగం పొట్టలో బోల్టు

మా మామ వెల్డింగు షాపులో ఇనుప వాషరు ఒకటి కావాలంటే అర్ధ రూపాయి. పది పైసల బిళ్ళ కావాలంటే పది పైసలు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి మా మామ కంటే ముందు ఎవరైనా ఆలోచించారో లేదో నాకు తెలియదు. కంబదూరుకు అరగంట దూరంలో ఉన్న మా ఊరి రోడ్డు పక్కన, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆయన మాత్రం ఆలోచించాడు.

అప్పటికే పది పైసలను అంగళ్ళలో తీసుకోవడం మానేశారు. బిచ్చగాళ్ళు కూడా ఇచ్చినవాడి మొహం ఒకసారి చూసి, బిళ్ళను వాడి చేతిలోనే పెట్టి పోయేవాళ్ళు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక డబ్బా అడుగున అవి మిగిలిపోయి ఉండేవి. మామ అవన్నీ తెప్పించుకున్నాడు. బిళ్ళను వైస్‌లో బిగించి నడిమధ్యన డ్రిల్లింగు మిషను దించితే చిన్న బోల్టుకు అచ్చంగా సరిపోయే వాషరు తయారయ్యేది. తుప్పు కూడా పట్టదు. పెద్ద బోల్టుకైతే పావలా. ఆ పావలా మీద ఒక వైపు ఖడ్గమృగం బొమ్మ ఉండేది. చిల్లు సరిగ్గా దాని పొట్టలో పడేది.

మా ఊరి రైతులు ఆ బొమ్మను బర్రె అనుకుని, దాన్ని ‘ఎనుము వాషరు’ అనేవాళ్ళు. అది ఎనుము కాదనీ, ఖడ్గమృగమనీ, అస్సాం అడవుల్లో ఉంటుందనీ నేను చాలామందికి చెప్పాను. నా మాట మీద గౌరవంతో ‘అస్సాం ఎనుము’ అని మార్చుకున్నారు.

ఈ పనిలో మామకు ఒక నియమం ఉండేది. సింహాల బొమ్మ ఉన్న వైపు ఎప్పుడూ నట్టు వైపు కాకుండా కట్టె వైపుకే పెట్టేవాడు. “సర్కారు మొగం మీద నట్టు బిగించగూడదప్పా” అనేవాడు.

ఈ వాషర్లన్నీ ఎక్కువగా గొర్లకే పోయేవి. మా వైపు వేరుశనగ విత్తేది గొర్రుతోనే. అడ్డంగా ఒక కట్టె దూలం, దానికి కిందికి నాలుగు ఇనుప పండ్లు. ఎద్దులు లాగుతూ ఉంటే పండ్లు నేలను చీలుస్తాయి, వెనక ఒక ఆడమనిషి నడుస్తూ జడ్డిగం అనే చెక్క గిన్నెలో విత్తనాలు వదులుతుంది, అవి గొట్టాల్లోంచి జారి చీలిన సాళ్ళలో పడతాయి. ఒక్కో పండునూ దూలానికి ఒక్కో బోల్టుతో బిగిస్తారు. వాషరు లేకపోతే నట్టు కట్టెలోకి దిగబడిపోతుంది. అప్పుడు ఆ పండు తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది.

నేను పదో తరగతితో చదువు ఆపేశానని అందరూ అంటారు. ఆగింది బడి. నేను సైకిలెక్కి గ్రంథాలయానికి పోవడం మొదలుపెట్టాను. అక్కడ ఒక విజ్ఞాన సర్వస్వం ఉండేది. పన్నెండు సంపుటాల్లో నాలుగే మిగిలాయి. అందువల్ల ఆ నాలుగింట్లో ఉన్న అక్షరాలతో మొదలయ్యే విషయాలన్నీ నాకు క్షుణ్ణంగా తెలుసు. కప్పలు, కాగితం, కుంకుమపువ్వు, ఏది అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. సముద్రం గురించి ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేవాణ్ణి. ఆ సంపుటం ఎవరో తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు.

ఆ ఏడు జూన్ అంతా వాన లేదు. చేలో పని లేదు. నేను ‘న’ సంపుటం తీశాను. నక్షత్రాలు, నత్తలు, నల్లమందు దాటుకుని నాణేల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం అన్నానికి పోవాలని కూడా గుర్తు రాలేదు.

పూర్వం నాణెం అంటే బొమ్మ వేసిన వెండి ముక్క, లేదా బంగారు ముక్క. అందులో ఎంత లోహం ఉంటే అంత విలువ. కాబట్టి కొందరు కత్తెర తీసుకుని అంచులు కొద్దికొద్దిగా కత్తిరించి, నాణేన్ని మామూలుగా ఖర్చు పెట్టేసి, కత్తిరింపులను కరిగించి ముద్ద చేసుకునేవాళ్ళు. ఇంకొందరు బంగారు నాణేలను తోలు సంచిలో పోసి గంటల తరబడి కుదిపేవాళ్ళు. ఒకదానికొకటి రాసుకుని రాలిన పొడి సంచికి అంటుకుంటుంది. తర్వాత సంచిని కాల్చి, బూడిదలోంచి బంగారం తీసుకునేవాళ్ళు. మరీ ఓపిక ఉన్నవాళ్ళు నాణెం లోపలంతా తొలిచి వెండి తీసి, ఆ బొక్కలో సీసం నింపి మూతేసేవాళ్ళు. ఢిల్లీ సుల్తాను ఒకాయన రాగి బిళ్ళ కూడా వెండి నాణెంతో సమానమని చాటింపు వేస్తే, ఇంటింటా ఒక టంకశాల పుట్టిందట. నాణేల అంచున సన్నని గీతలు ఎందుకుంటాయో కూడా నాకు ఆ రోజే తెలిసింది. గీతలు చెరిగితే కత్తెర పడిందని దొరికిపోతుంది. జేబులోని రూపాయి బిళ్ళలు తీసి వేలితో అంచులు తడుముకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

తర్వాతి పేజీ నుంచి శిక్షలు. అవి చదివాక ఒక్కణ్ణే ఉండలేకపోయాను. ఇంత గొప్ప విషయం తెలిశాక ఎవరికైనా చెప్పకపోతే ఎట్లా. గురువారం మధ్యాహ్నం నేరుగా మామ షాపుకు పోయాను.

ఆకాశంలో మబ్బు కనిపించడంతో అయిదారుగురు రైతులు గొర్లు తెచ్చి వాటి మీదే కూర్చుని ఉన్నారు. మామ వైస్ దగ్గర పది పైసల బిళ్ళకు చిల్లు కొడుతున్నాడు.

“ఏమప్పా పండితుడా, ఈ పొద్దు యా దేశం కప్ప గురించి చెప్తావు?” అన్నాడు.

“కప్పలు అయిపోయినాయి మామా. నాణేల కాడికి వచ్చినా. వాటిని కత్తిరించినోళ్ళకు ఎట్లాంటి శిక్షలు ఏసినారనుకున్యావు. ఒక రాజు పండగని చెప్పి టంకశాల పనోళ్ళనందర్నీ పిలిపించినాడంట. వచ్చినోడికి వచ్చినట్టు కుడి చెయ్యి నరికించినాడు.”

మిషను చప్పుడు కొంచెం తగ్గింది.

“అన్నం పెట్టినాకనా, పెట్టకముందా?” అని అడిగాడు ఒక రైతు.

అది పుస్తకంలో లేదు. కానీ అంతమంది ముందు తెలియదని ఎట్లా అనడం. “పెట్టకముందే” అన్నాను.

“అది తప్పు” అన్నాడాయన. మిగతావాళ్ళూ తల ఊపారు. పండగకు పిలిచి అన్నం పెట్టకుండా నరకడం బాగా లేదని అందరూ ఒప్పుకున్నారు.

“ఇంకొక దేశంలో పెద్ద కొప్పెరలో ఏసి ఉడకబెట్టినారు మామా.”

మామ మిషను ఆపాడు. “నీళ్ళలోనా, నూనెలోనా?”

“రెండూ ఉండాయి. ఆ ఊరి పద్ధతిని బట్టి.”

“శెనక్కాయ నూనా?”

“అప్పుడు వాళ్ళకు శెనక్కాయ ఇంకా తెలీదు మామా.”

“అదీ ఒక బతుకేనా” అన్నాడు వెనకనుంచి ఎవరో.

అప్పుడే అత్త టీ తెచ్చి గ్లాసులు పంచుతోంది. “ఆడోళ్ళనైతే నిలబెట్టి కాల్చేసేటోళ్ళంట అత్తా” అన్నాను, ఆమెను కూడా మాటల్లో కలుపుకుందామని.

“నన్నెందుకు కాలుస్తారు? చిల్లు కొట్టేది మీ మామ.”

“ఆ బిళ్ళలు ఊరంతా తిరిగి ఏరుకోనొచ్చింది ఎవురు?” అన్నాడు మామ.

“నువ్వు తెమ్మంటేనే గదా తెచ్చినా. కొప్పెరలో నువ్వే దిగు ముందు.”

నేను ఇంకా చైనా దాకా రాలేదు కాబట్టి అడ్డం వచ్చి చెప్పాను. “చైనాలో నోటు మీదనే అచ్చేసేటోళ్ళంట మామా, దొంగనోటు చేసినోడి తల తీస్తామని.”

మామ వైస్ వదులు చేసి బిళ్ళను బయటికి తీశాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. “దీని మీద ఏమీ రాయలేదే?”

“చిన్న బిళ్ళ గదా. చోటు చాలలేదు.”

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ చదివినదాన్ని సగంలో ఆపడం నాకు చేత కాదు. “అయినా రాసేదెందుకు. ఇప్పుడు మన దేశంలో కూడా చట్టం ఉండాది. చిల్లర బిళ్ళలు కరిగించినా, పాడు చేసినా జైలే.”

“చిల్లు కొడితే?”

“చిల్లు కొట్టేది పాడు చేసేదే గదా మామా.”

మామ రోడ్డుకు ఆ చివర ఉన్న పోలీసు ఔట్‌పోస్టు వైపు చూశాడు. పది రోజుల ముందు దాని ఇనుప గేటును కట్టె స్తంభాలకు బిగించింది ఆయనే. నాలుగు బోల్టులు, నాలుగు పది పైసల బిళ్ళలు.

“సింహాలు లోపలికే పెట్టినా” అన్నాడు నెమ్మదిగా. మెడ సాచి ఇంకోసారి అటు చూసి, “పది అంకె మాత్రం బయటికి కనపడతాది” అన్నాడు.

ఆ సాయంత్రం వాన పడింది. మామూలు వాన కాదు, నేలను బాగా నానబెట్టిన వాన. మా ఎర్రనేలలో అట్లాంటి వాన పడ్డాక విత్తడానికి మూడు రోజులు పదును ఉంటుంది. ఆ తర్వాత నేల బిగుసుకుపోయి విత్తనాన్ని లోపలికి రానివ్వదు. తర్వాతి వాన ఎప్పుడో చెప్పగల మనిషి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. ముందటేడు ఈ మూడు రోజులను పోగొట్టుకున్న మా నాయన, ఈసారి విత్తనాల మూటలు మంచం కిందే పెట్టుకుని పడుకున్నాడు. అయిదెకరాలకు ఆ మూటలే ఆధారం.

శుక్రవారం తెల్లవారీ తెల్లవారకముందే మామ సైకిల్ మీద వచ్చాడు. చేతిలో స్పానరు.

“వాన పడినాది గదా బావా. గొర్రు బోల్టులు ఒకసారి చూసిపోదామని వచ్చినా.”

నాయన కరిగిపోయాడు. “చూసినావా, మీ తమ్ముడికి మన సేద్యమంటే ఎంత ఇదో” అని మా అమ్మతో అన్నాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. మామ కాఫీ తాగి, గొర్రు కింద దూరి, పది నిమిషాల తర్వాత లేచాడు. పోయేటప్పుడు జేబు గలగలమంది. నేను వేపపుల్లతో పండ్లు తోముకుంటూ ఆ గలగల విన్నాను. ఏ అనుమానమూ రాలేదు. ఊళ్ళో ఇట్లాగే పన్నెండు గొర్లు చూశాడనీ, పన్నెండు కాఫీలు తాగాడనీ తర్వాత తెలిసింది. దుడ్లు ఇవ్వబోతే వద్దన్నాడట. అంత మంచి మనిషి చుట్టుపక్కల లేడని ఆ కాసేపూ ఊరంతా చెప్పుకున్నారు.

చేలో మొదటి సాలు సగం కూడా నడవలేదు. నాలుగు పండ్లూ ఆస్తి పంపకాల నాటి అన్నదమ్ముల్లాగా తలా ఒక దిక్కుకు తిరిగిపోయాయి. విత్తనాలు ఒకచోట కుప్పగా పడ్డాయి, ఇంకొకచోట అసలు పడలేదు. అమ్మ జడ్డిగం వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పక్క చేలోనూ ఎద్దులు ఆగిపోయాయి. ఆ పక్క చేలోనుంచి తిట్లు వినిపిస్తున్నాయి, ఎవరినో తెలియకుండా గాల్లోకి.

నాయన గొర్రు తిరగేశాడు. నట్లు కట్టెలోకి వేలెడంత దిగిపోయి ఉన్నాయి.

“నా ఎనుములు యాడ పోయినాయి?” అన్నాడు.

ఆ సమయంలో ఖడ్గమృగం అని సరిదిద్దడం మంచిది కాదనిపించింది.

షాపుకు తాళం వేసి ఉంది. నాయన, నేను, ఇంకా ఏడెనిమిదిమంది రైతులు మామ ఇంటికి పోయాం. అత్త గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది.

“లోపలుండాడు. రాడంట” అంది.

“ఏమైనాది వానికి?” అన్నాడు నాయన.

“నీ కొడుకునే అడుగన్నా. చదువుకున్యాడు గదా.”

లోపల మామ బకెట్టు ముందు కూర్చుని ఉన్నాడు. బకెట్టులో బిళ్ళలు. మోకాళ్ళకు, మోచేతులకు గీసుకుపోయిన గాయాలు.

“బాయిలో ఏసినాను బావా” అన్నాడు, అడగకముందే. “నీళ్ళుండే బాయి ఐతే మునిగిపోయుండును. ఎండిపోయిన బాయి. నిన్నటి వానకు అడుగు కూడా తడవలే. పైనుంచి చూస్తే అన్నీ చుక్కల మాదిరి మెరుస్తాండాయి. పిల్లోళ్ళు గుంపుగా వచ్చి చూస్తాండారు. మళ్ళా దిగి ఏరుకోనొచ్చినా. పెన్నలో ఏద్దామంటే ఇసుక. ఈ జిల్లాలో ఒక వస్తువు దాచాలంటే యాడ దాయల్ల నువ్వే చెప్పు.”

“దాసేదెందుకురా. గొర్రుకు బిగించు. పదును పోతాది.”

“పదును పోతే ఇంగో వాన వస్తాది బావా. చెయ్యి పోతే ఇంగో చెయ్యి వస్తాదా?”

“ఇంగో వాన వస్తాదని నీకెవురు చెప్పినారు?”

అందరూ నా వైపు చూశారు, అదేదో నేనే చెప్పాలన్నట్టు.

నేను ముందుకు వచ్చి మామకు వివరించాను. ఆ కాలంలో నాణెంలోంచి వెండి దొంగిలించినందుకే శిక్షలు వేశారు. నువ్వు ఏమీ దొంగిలించలేదు. ఉక్కు బిళ్ళకు విలువే లేదు. ఆ రాజులకూ నీకూ సంబంధం లేదు. చాలా బాగా చెప్పానని ఇప్పటికీ నా నమ్మకం.

“ఇది అచ్చులో ఉండాదా?” అన్నాడు మామ.

“లేదు. నేనే ఆలోచించి చెప్తాండా.”

“ఉడకబెట్టింది అచ్చులో ఉండాది. ఉడకబెట్టరనేది నీ ఆలోచన. నీ ఆలోచన మీద నేను గొర్రు బిగించను. అచ్చులో చూపించు.”

పుస్తకాన్ని మించిన ప్రమాణం లేదని ఆయనకు నేర్పింది నేనే కాబట్టి బయటికి నడిచాను. సైకిల్ ఎక్కి బురదలో తొక్కాను. చక్రాలకు మట్టి చుట్టుకుంటే దిగి పుల్లతో గీకి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి, గ్రంథాలయం చేరేసరికి తలుపుకు తాళం. శుక్రవారం. గ్రంథాలయాలకు శుక్రవారం సెలవని మా మండలంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే. కిటికీ ఊచల్లోంచి చూస్తే ‘న’ సంపుటం బల్ల మీదే ఉంది, నేను నిన్న వదిలిపెట్టిన చోటే. చెయ్యి లోపలికి పెట్టి చూశాను. మూరెడు దూరం తక్కువైంది.

నాయన కల్యాణదుర్గానికి ఒక మనిషిని బస్సులో పంపించాడు, అసలు వాషర్లే కొనుక్కు రమ్మని. వాన మా ఊరి మీద ఒక్కటే పడలేదు కదా. హార్డ్‌వేరు అంగట్లో అడుగు బొడుగు మిగిలిన ఎనిమిది వాషర్లు చేతికి వచ్చాయి. ఎవరి గొర్రుకు బిగించాలని వాదించుకుంటూ ఉండగానే సాయంత్రమైంది. చివరికి ముందుగా లాక్కున్న ఇద్దరికి పోయాయి. మా నాయన ఆ ఇద్దరిలో లేడు. మూడు రోజుల్లో ఒకటి అయిపోయింది.

శనివారం పొద్దున్నే ఔట్‌పోస్టు హెడ్ కానిస్టేబులు మోటారు సైకిల్ మీద మామ ఇంటికి వచ్చాడు. అప్పటికే మేమందరం అక్కడ ఉన్నాం, మామను బతిమాలుతూ. మోటారు సైకిల్ చప్పుడు వినగానే మామ లేచి బకెట్టు తెచ్చి కానిస్టేబులు కాళ్ళ ముందు పెట్టాడు. రెండు చేతులూ ముందుకు చాపాడు.

“ఎడమది తీసుకోండి సార్. కుడిది పోతే వెల్డింగు కాదు.”

కానిస్టేబులు ఆ చేతుల వైపు చూశాడు. “నీ చేతులు నేనేం చేసుకోవల్లప్పా. గేటు పడిపోయినాది. లోపల కట్టేసిన మేకలు ఆరూ ఎల్లిపోయినాయి. ఎవురి చేలోనో మేసినాయని పట్టుకోనొచ్చిన మేకలు. మేకలోడు వచ్చి నా మేకలు యాడ అని కూర్చోనుండాడు. చేనోడు వచ్చి నా నష్టం యాడ అని కూర్చోనుండాడు. నువ్వేనా గేటు బిగించింది?”

“నేనే సార్. రాత్రిపూట వచ్చి బిళ్ళలు పీకింది కూడా నేనే. సాక్ష్యం లేకుండా చేద్దామని.”

“దేనికి సాక్ష్యం?”

మామ అంతా చెప్పేశాడు. పండగకు పిలిచి చేతులు నరికిన రాజు, కొప్పెర, నీళ్ళు, నూనె, చైనా నోటు, ఏదీ వదల్లేదు. నేను చెప్పిన దానికంటే ఆయన చెప్పిందే బాగుంది. ముఖ్యంగా కొప్పెర కింద మంట గురించి పుస్తకంలో లేని వివరాలు చాలా చేర్చాడు. కానిస్టేబులు మంచం మీద కూర్చుని, బకెట్టులోంచి ఒక పావలా తీసి, ఖడ్గమృగం పొట్టలోంచి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు.

“ఎవురు చెప్పినారు నీకు ఇదంతా?”

నా ముందు నిలబడిన నాయన, నేను బాగా కనపడేటట్టు కొంచెం పక్కకు జరిగాడు.

“చట్టం ఉండేది నిజమేనా?” అని కానిస్టేబులు నన్నే అడిగాడు.

“నిజమే సార్.”

“యా సెక్షను?”

“అది నేను చూడలేదు సార్.”

“నాకూ తెలీదు. టౌనుకు పోయి చూడల్ల. చూస్తే కేసు రాయల్ల. కేసు రాస్తే ఈ గొర్లన్నీ సాక్ష్యం కింద పోయి స్టేషను ముందర నిలబడల్ల.” ఆయన రైతుల వైపు తిరిగాడు. “పదును ఎన్నాళ్ళుంటాది?”

“రేపటి దాకా సార్” అన్నాడు నాయన.

“మా నాయన కూడా ఈ పొద్దే యిత్తుతాండాడు” అన్నాడు కానిస్టేబులు. పావలాను బకెట్టులో వేసి మామ వైపు తిరిగాడు. “ఇను. ఈ పొద్దు నుంచి కొత్తగా ఒక్క చిల్లు కూడా కొట్టాకు. కొట్టిన చిల్లు ఎట్లాగూ పూడ్చలేవు. అవి యాడియి ఆడ పెట్టు. ముందు గేటుకు పెట్టు.”

“రాసిస్తారా సార్?”

“రాసిస్తే ఆ కొప్పెరలో నీ పక్కన నేను గూడా ఉడుకుతా.”

విచిత్రంగా ఆ మాటతోనే మామకు ధైర్యం వచ్చింది. వెంటనే స్పానరు తీసుకున్నాడు. గేటు అయ్యేసరికి తొమ్మిది. అక్కడి నుంచి ఇల్లిల్లూ తిరిగి గొర్లు బిగించాడు. ఈసారి ఎవరూ కాఫీ ఇవ్వలేదు. సొంత బావ కదా, ఏమీ అనుకోడని మా ఇంటిని ఆఖరున పెట్టుకున్నాడు. మా గొర్రు దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బకెట్టులో మూడు పావలాలే మిగిలాయి, తక్కినవన్నీ మా బోల్టు పట్టని పది పైసల బిళ్ళలు. నాలుగో పావలా బావిలోనే ఉండిపోయిందో, ఏ పిల్లవాడి జేబులో ఉందో తెలియదు.

“ఇంగొకటి కొట్టు” అన్నాడు నాయన.

“కొట్టను బావా. సార్‌కు మాటిచ్చినా.”

పాత చెప్పు నుంచి రబ్బరు ముక్క కోసి పెట్టి చూశారు. పది అడుగులు పోయేలోపు నట్టు దాన్ని కొరుక్కుని అవతలికి పోయింది. నాయన చేను వైపు చూశాడు, పొద్దు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

“నువ్వుండావు గదా” అన్నాడు.

అట్లా నేను వాషరునయ్యాను. చివరి పండుకు ఒక తాడు కట్టి, దాన్ని ఒక చేత్తో లాగి పట్టుకుని, ఇంకో చేత్తో పండును పక్కకు పోకుండా అదుముతూ, నడుం వంచి గొర్రు పక్కనే నడవాలి. నాయన ముందర ఎద్దులను తోలుతున్నాడు. వెనక అమ్మ జడ్డిగంలో విత్తనాలు వదులుతోంది. రెండు మలుపులు తిరిగేసరికి నా నడుం ఎక్కడుందో నాకు తెలియలేదు.

“ఊరికే నడిస్తే పొద్దు పోదు. ఆ కొప్పెర కథేందో చెప్పురా” అంది అమ్మ.

“వాడు కథ చెప్తే పండు వదిలేస్తాడు” అన్నాడు నాయన వెనక్కి చూడకుండా.

“నేను వాణ్ణి అడిగినా. నువ్వు ఎద్దుల్ని చూసుకో.”

చెప్పాను. నేలను చూస్తూ, నోట్లోకి మట్టి పోతూ ఉంటే, కత్తెరల గురించీ తోలు సంచి గురించీ అంచు గీతల గురించీ చెప్పాను. అమ్మ చేతివేళ్ళ మధ్యనుంచి విత్తనాలు ఒకే లెక్కన పడుతూనే ఉన్నాయి. కొప్పెర దగ్గరికి వచ్చాక ఆమె అడిగింది.

“ఆ ఉడకబెట్టినోళ్ళ పెండ్లాలు ఏం చేసినారు తర్వాత?”

“అది పుస్తకంలో లేదుమా. నాకు తెలీదు.”

“రాసినోడు పోయి అడిగి ఉండల్ల” అంది అమ్మ.

శనివారం పొద్దు గూకేదాకా, ఆదివారం చీకటితో లేచి సాయంత్రం దాకా నడిచాం. ఆఖరి మలుపు దగ్గర నేల గట్టిపడి పండ్లకు గీర్‌మని చప్పుడు వచ్చింది. కానీ మూటలు ఖాళీ అయ్యాయి. అయిదెకరాలూ విత్తాం. నాయన గొర్రును బోర్లించి దాని మీదే కూర్చుని బీడీ ముట్టించాడు. రెండో బీడీ తీసి నా వైపు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

వారం పది రోజుల తర్వాత మొలకలు పైకి వచ్చాయి. మూడు సాళ్ళు గీత గీసినట్టు ఉన్నాయి. నాలుగోది అమ్మ ప్రశ్న అడిగిన ప్రతిచోటా వంకర పోయింది. నేను ఎక్కడ తల ఎత్తి జవాబు చెప్పానో, ఎక్కడ దగ్గానో, ఎక్కడ తోలు సంచి ఎట్లా కుదపాలో చేత్తో చూపించానో, అంతా ఆ మొలకల్లో కనిపిస్తోంది. రోడ్డు మీద పోయే బస్సులోంచి కండక్టరు తల బయటికి పెట్టి, ఏమన్నా ఈ చేను తాగి యిత్తినారా అని నాయనను అడిగాడు.

కలుపు వచ్చాక అసలు సంగతి తెలిసింది. సాళ్ళ మధ్య కలుపు తీయడానికి మా వైపు ఎద్దులకు గుంటక కడతారు. గుంటక నేరుగా పోతుంది, వంకర తిరగడం దానికి తెలియదు. మూడు సాళ్ళ దాకా హాయిగా పోయేది. నాలుగో సాలు దగ్గరికి వస్తే కలుపుతో పాటు మొక్కలను కూడా పెళ్ళగించేది. నాయన మొదటి రోజే ఎద్దులను ఆపి, గుంటకను పైకెత్తి, నన్ను పిలిచి, చేతికి ఒక కొడవలి ఇచ్చాడు.

“ఎంతవరకు తియ్యల్ల నాయనా?” అని అడిగాను.

ఆయన చేతిని చేను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పాడు. అయిదెకరాల చేను. అందులో ప్రతి నాలుగో సాలూ నాది.